మూలనిధి, సువార్త పరిచర్య: ఆక్స్‌ఫర్డ్ బిషప్ కేసు తీర్పుపై ఒక వేదాంత విమర్శ

మన సెమినరీలలో గృహనిర్వాహకత్వం అనే పాఠం చెప్పేటప్పుడు విశ్వాసి ఎలా ఇవ్వాలి అన్నదే దాదాపు పాఠమంతా. దశమభాగం, ప్రథమఫలాలు, పిడికెడు బియ్యం, కోత పండుగ కానుకలు వీటి గురించి బోధకులకు చెప్పడానికి కావలసినంత వాక్యం ఉంది. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు క్రైస్తవ దాతృత్వాన్ని గురించి ప్రత్యేకంగా ఒక పుస్తకమే వ్రాశారు. అయితే ఇచ్చిన సొమ్ము సంఘపు ఖాతాలో చేరిన తరువాత ఏమవుతుంది, అది ఖర్చు కాకుండా నిధిగా నిలిచిపోతే ఎక్కడ నిలుస్తుంది, ఎవరి చేతుల్లో పెరుగుతుంది, ఎవరి చెమటతో పెరుగుతుంది అన్న ప్రశ్నలు పాఠ్యప్రణాళికలో కనబడవు. అవి కోశాధికారికి, ఆడిటరుకు సంబంధించిన విషయాలని మనం వదిలివేశాము. ఈ ప్రశ్నలను ఒక బిషప్‌గారు తన సొంత సంఘము మీదనే కోర్టుకు తీసుకువెళ్లిన సందర్భం ఒకటి ఉంది. ఆ కేసులో 1991 అక్టోబరులో లండన్ హైకోర్టు ఇచ్చిన తీర్పు ఇంగ్లండులోనే కాక ఇంగ్లీషు ట్రస్టు న్యాయాన్ని అనుసరించే దేశాలన్నిటిలోను ధర్మసంస్థల పెట్టుబడులను గురించిన చర్చకు ప్రారంభస్థానమైంది. దానిని న్యాయవాదులు చాలాసార్లు విమర్శించారు. దైవజ్ఞులు అంతగా పట్టించుకోలేదు. ఈ వ్యాసంలో ఆ తీర్పును వేదాంత దృష్టితో పరిశీలించి, అది మన తెలుగు సంఘాలకు ఎక్కడ తగులుతుందో చూద్దాం.

కేసు పూర్వాపరాలు

చర్చ్ కమిషనర్లు అనే సంస్థ 1948లో ఏర్పడింది. పేద పాదిరీల జీవనోపాధికై 1704లో స్థాపించబడిన క్వీన్ ఆన్స్ బౌంటీ అనే నిధిని, 1836లో ఏర్పడిన ఎక్లెసియాస్టికల్ కమిషనర్ల ఆస్తులను కలిపి దీనిని ఏర్పాటు చేశారు. పొలాలు, నగరాల్లో భవనాలు, కంపెనీల వాటాలు దీని ఆస్తి. దీని ఆదాయంతో ఇంగ్లండు సంఘపు పాదిరీల జీతాలకు, గృహవసతికి, పదవీ విరమణ చేసినవారి పెన్షన్లకు సాయం అందేది. ఒక పల్లెటూరి పాదిరి ముసలితనంలో ఏమి తిని బ్రతుకుతాడన్నది ఈ కమిషనర్ల లెక్కల మీద ఆధారపడి ఉండేదని మనం గుర్తుంచుకోవాలి. కేసులో ఇరుపక్షాల వారూ దీనిని మరచిపోలేదు.

అప్పటికే కమిషనర్లకు ఒక నైతిక విధానం ఉంది. ఆయుధాలు, జూదం, మద్యం, పొగాకు ప్రధాన వ్యాపారంగా ఉన్న కంపెనీలలో వారు వాటాలు కొనేవారు కారు. దక్షిణాఫ్రికా కంపెనీలను, వ్యాపారంలో చెప్పుకోదగిన భాగం ఆ దేశంలో ఉన్న ఇతర కంపెనీలను కూడా విడిచిపెట్టారు. ఆక్స్‌ఫర్డ్ బిషప్ రిచర్డ్ హారీస్‌గారు, ఆయనతోపాటు మరికొందరు, ఇది చాలదని వాదించారు. వర్ణవివక్ష రాజ్యానికి ఆర్థికంగా ఊతమిస్తున్న కంపెనీలన్నిటినీ వదిలివేయాలని, కమిషనర్ల నిధి అంతిమ ఉద్దేశ్యం క్రైస్తవ విశ్వాస వ్యాప్తి కాబట్టి పెట్టుబడులు పెట్టేటప్పుడు ఆ ఉద్దేశ్యానికి పొసగని విధంగా ప్రవర్తించరాదని కోర్టు ప్రకటించాలని కోరారు.

తీర్పు చెప్పినది సర్ డొనాల్డ్ నికోల్స్. అప్పట్లో ఆయన పదవి పేరు వైస్ ఛాన్సలర్. మన పాఠకులు విశ్వవిద్యాలయం అనుకోకూడదు, హైకోర్టు ఛాన్సరీ విభాగానికి పెద్ద న్యాయమూర్తి అని అర్థం. ఆయన బిషప్‌గారు కోరిన ప్రకటన ఇవ్వడానికి నిరాకరించారు. ఆయన తర్కం సంక్షిప్తంగా ఇది. ధర్మసంస్థ చేతిలోని ఆస్తి రెండు విధాలు. పాఠశాల భవనం, ఆసుపత్రి గది వంటివి సంస్థ ఉద్దేశ్యానికి నేరుగా ఉపయోగపడేవి. రెండవది ఆదాయం కోసం పెట్టుబడిగా ఉంచినది. ఈ రెండవ రకం ఆస్తి చేయవలసిన పని డబ్బు సంపాదించి పెట్టడమే. కాబట్టి సామాన్యంగా, వివేకంతో కూడిన జాగ్రత్తలకు లోబడి, ఎక్కువ ఆదాయం వచ్చేటట్లు పెట్టుబడి పెట్టడమే ట్రస్టీల ధర్మం. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. పెట్టుబడి సంస్థ ఉద్దేశ్యానికే ఎదురు నిలిచినప్పుడు దానిని విడిచిపెట్టవచ్చు. క్యాన్సరు పరిశోధన సంస్థ పొగాకు కంపెనీలో వాటాలు కొనడం, మద్యపాన నిషేధ సంఘం సారా తయారీలో పెట్టుబడి పెట్టడం, క్వేకర్లు ఆయుధ కర్మాగారంలో వాటాదారులు కావడం ఇందుకు ఆయన చూపిన ఉదాహరణలు. దాతలు గాని, సహాయం పొందేవారు గాని ఆ పెట్టుబడిని చూసి దూరమయ్యే ప్రమాదం ఉంటే ఆ నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. ఆదాయానికి గణనీయమైన నష్టం లేనంతవరకు నైతిక అభిప్రాయాలకు చోటు ఇవ్వవచ్చు. అంతకు మించి, తమ నైతిక అభిప్రాయాలను ప్రకటించుకోవడానికి ట్రస్టు సొమ్మును సాధనంగా వాడుకోకూడదు.

అప్పటి విధానం ప్రకారమే ఇంగ్లండు మార్కెట్టులోని కంపెనీలలో విలువను బట్టి సుమారు 13 శాతం విడిచిపెట్టబడ్డాయి. బిషప్‌గారి పక్షం కోరినట్లు చేస్తే అది సుమారు 37 శాతానికి చేరుతుందని కోర్టు ముందు లెక్క వచ్చింది. మూడో వంతుకు పైగా మార్కెట్టును ముట్టుకోకుండా ఉంటే పెట్టుబడి సమతూకం తప్పుతుందన్న భయాన్ని న్యాయమూర్తి సహేతుకమైనదిగానే భావించారు.

తీర్పులోని బలం

విమర్శకు ముందు న్యాయం చేయాలి. ట్రస్టీ చేతిలోని సొమ్ము ట్రస్టీది కాదు. నేను నా జీతం డబ్బుతో ఒక కంపెనీని బహిష్కరిస్తే నష్టం నాది. పెన్షను మీద ఆధారపడిన విధవరాలి సొమ్ముతో బహిష్కరిస్తే నా మనస్సాక్షికి ధర చెల్లించేది ఆమె. ఇతరుల ఖర్చు మీద ప్రవక్తగా ఉండడం సులభం. ఆమోసు తన సొంత పశువులను, మేడిచెట్లను విడిచి బేతేలుకు వెళ్లాడు, ఇంకొకరివి కాదు. ఈ హెచ్చరికను తేలికగా కొట్టివేసే విమర్శకుడు ఏ సంఘపు ఆర్థిక కమిటీలోనూ కూర్చోని వాడై ఉండాలి. హారీస్‌గారి పక్షాన వాదించినవారి వ్రాతలలో ఈ విషయం రావలసినంత బలంగా రాలేదని నా అభిప్రాయం.

రెండు ఆస్తులు, రెండు నీతులు

అయినా తీర్పులో మూడుచోట్ల వేదాంతపరమైన చిక్కు ఉంది.

మొదటిది ఆస్తిని రెండుగా విడదీయడం. లెక్కల సౌలభ్యానికి ఈ విభజన అవసరమే. కాని బైబిలు ఈ విభజనను నైతిక విభజనగా ఎక్కడా అంగీకరించదు. ద్వితీయోపదేశకాండం 23:18 చూడండి. వేశ్యావృత్తి వలన వచ్చిన సొమ్మును మ్రొక్కుబడిగా దేవుని మందిరానికి తేకూడదు. అక్కడ ప్రశ్న ఆ సొమ్ము దేనికి ఖర్చు అవుతుందని కాదు, ఎక్కడనుండి వచ్చిందని. ఆమోసు 2:8 లో బలిపీఠాల ప్రక్కన పరచిన బట్టలు తాకట్టువి, మందిరంలో త్రాగిన ద్రాక్షారసం జరిమానా సొమ్ముతో కొన్నది. ఆరాధన ఒక శాఖ, ఆదాయం ఇంకొక శాఖ అని ప్రవక్త ఒప్పుకోలేదు.

మత్తయి 27:6 ఇంకా లోతైనది. యూదా విసిరివేసిన ముప్పది వెండి నాణెములను ప్రధాన యాజకులు కోర్బనాస్‌లో, అనగా దేవాలయ ధనాగారంలో, వేయడానికి ఒప్పుకోలేదు. అది రక్తపు ఖరీదు గనుక ధర్మశాస్త్రానుసారం తగదని నిర్ణయించారు. ఈనాటి మాటల్లో చెప్పాలంటే ఆ ధనాగారానికి నైతిక పెట్టుబడి విధానం ఉంది, కమిటీ ఉంది, తీర్మానం కూడా జరిగింది. ఆ సొమ్ముతో పరదేశుల సమాధులకై పొలం కొన్నారు, అది కూడా ధర్మకార్యమే. లేనిది ఒకటే. ఆ సొమ్మును రక్తపు ఖరీదుగా మార్చినది తామేనన్న గ్రహింపు. నిధులకు వడపోత ఉన్నంత మాత్రాన సంఘము నిర్దోషి కాదనడానికి దీనికి మించిన వచనం నాకు తెలియదు. కమిషనర్ల 13 శాతం మినహాయింపును సమర్థించినవారు, 37 శాతం కావాలన్నవారు, ఇరువురూ ఈ భాగాన్ని చదువుకోవలసింది.

రెండవ చిక్కు న్యాయమూర్తి చూపిన ఉదాహరణలలోనే ఉంది. క్యాన్సరు సంస్థకు పొగాకు తగదు. మద్యనిషేధ సంఘానికి సారా తగదు. నిజమే. సంస్థ ఉద్దేశ్యం ఎంత ఇరుకుగా ఉంటే వైరుధ్యం అంత స్పష్టంగా కనబడుతుంది. మరి ఉద్దేశ్యం సువార్త అయినప్పుడు? సువార్త మనిషి బ్రతుకంతటినీ తాకుతుంది. కాని కోర్టు తర్కంలో ఉద్దేశ్యం విశాలమైన కొద్దీ దానికి విరుద్ధమైనది ఏదో తేల్చడం కష్టమవుతుంది, ఎందుకంటే క్రైస్తవులలోనే భిన్నాభిప్రాయాలు ఉంటాయి. దీని ఫలితం విచిత్రం. ఒక మద్యనిషేధ సంఘానికి న్యాయస్థానంలో సంఘము కంటే బలమైన మనస్సాక్షి ఉంది. ఒకే ఒక పాపాన్ని ఎదిరించే సంస్థ తన సొమ్మును ఆ పాపంనుండి కాపాడుకోవచ్చు. సర్వపాపం మీద యుద్ధం ప్రకటించిన సంస్థ మాత్రం ముందు ఆదాయం లెక్క చూసుకోవాలి.

భిన్నాభిప్రాయం అనే కారణం కూడా ఆ సందర్భానికి పూర్తిగా సరిపోదు. లూథరన్ ప్రపంచ సమాఖ్య 1977లో దారెస్సలాములో, రిఫార్మ్‌డ్ సంఘాల ప్రపంచ కూటమి 1982లో ఒట్టావాలో, వర్ణవివక్ష విశ్వాసపు ఒప్పుకోలుకే సంబంధించిన ప్రశ్న అని నిర్ణయించాయి. ఒట్టావా సభ దానికి వేదాంత సమర్థన ఇవ్వడాన్ని దుర్బోధ అన్నది. అంటే ఇది పన్నుల విధానం వంటి రాజకీయ అభిప్రాయం కాదు. త్రిత్వాన్ని గురించి తప్పుగా బోధించడంతో సమానమైన స్థానంలో వారు దానిని పెట్టారు. ఆంగ్లికన్ సంఘము ఆ కూటములలో సభ్యురాలు కాదు, నిజమే. కాని కేసులో న్యాయశాస్త్రానికి దొరికినంత స్థలం ఈ ఒప్పుకోలుకు దొరకలేదు. ఇందులో తప్పు న్యాయమూర్తిది అనలేము. ఆయన ముందు పెట్టవలసినవారు దైవజ్ఞులు.

మూడవ చిక్కు ఆదాయం మీద ఉంచిన నమ్మకం. తీర్పు అంతటా ఒక భావన ప్రవహిస్తుంది. నైతిక తీర్పులు అనిశ్చితం, వాటిపై మంచివారు కూడా ఏకీభవించరు. ఆర్థిక తీర్పులు మాత్రం నిపుణులు తేల్చగలరు. విధి వైచిత్రి ఏమంటే ఆ తీర్పు వెలువడిన సమయానికే కమిషనర్ల నిధి కరిగిపోతూ ఉన్నది. 1980లలో వారు భూములు, వాణిజ్య భవనాల వ్యాపారంలోకి అప్పు తెచ్చి మరీ దిగారు. గేట్స్‌హెడ్‌లో 1986లో తెరిచిన మెట్రో సెంటర్ అనే బ్రహ్మాండమైన దుకాణాల సముదాయం వారిదే. కెంట్ జిల్లాలో ఆష్‌ఫర్డ్ వద్ద, అమెరికాలో, పెద్ద పెద్ద పథకాలలో సొమ్ము పెట్టారు. ఆస్తుల ధరలు పడిపోయాయి. 1992లో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. మొత్తం మీద నిధి విలువలో సుమారు 80 కోట్ల పౌండ్లు పోయినట్లు తేలింది. ఆ తరువాత పార్లమెంటు కమిటీ కూడా దీనిపై విచారణ జరిపింది. 1998 నుండి పాదిరీల కొత్త సర్వీసుకు పెన్షను భారం కమిషనర్ల నుండి తొలగించి డయాసిస్‌ల మీద, అనగా చివరికి సంఘాల కానుకల సంచి మీద, పెట్టవలసి వచ్చింది.

తీర్పు ఈ జూదాన్ని ప్రోత్సహించిందని నేను అనడం లేదు. న్యాయమూర్తి కోరినది సమతూకాన్ని, వివేకాన్ని. అయితే దక్షిణాఫ్రికాతో వ్యాపారం చేసే కంపెనీలను వదిలితే పాదిరీల పెన్షనుకు ప్రమాదమని కోర్టులో వాదించిన సంస్థే, ఏ నైతిక విధానమూ అడ్డుపడని చోట, అంతకు ఎన్నో రెట్ల ప్రమాదాన్ని తానే నెత్తిన పెట్టుకున్నది. మనస్సాక్షికి అయ్యే ఖర్చును పైసలతో సహా లెక్క వేసినవారు ఆశకు అయ్యే ఖర్చును లెక్క వేయలేదు.

తలాంతుల ఉపమానం ఎవరి పక్షం?

పెట్టుబడులను గురించి ప్రసంగం ఎక్కడ జరిగినా మత్తయి 25:14-30 అక్కడికి వస్తుంది. తెలుగులో తలాంతు అంటే పాటపాడే వరం, మాట్లాడే నేర్పు అయిపోయింది గాని మూలంలో అది డబ్బే. ఒక తలాంతు సుమారు ఆరువేల దేనారములు, అనగా ఒక కూలివానికి ఇరవై యేండ్ల సంపాదన. 27వ వచనంలోని ట్రపెజిటైస్ బల్లలు వేసుకొని కూర్చునే వడ్డీ వ్యాపారులు. టోకోస్ అంటే వడ్డీ, మాటకు మూలార్థం పిల్ల, సంతానం. కాబట్టి ఈ ఉపమానం నిధులను వృద్ధి చేయమనే దైవాజ్ఞ అని చాలామంది ఆర్థిక కమిటీ సభ్యులు నమ్ముతారు.

దీనికి సరిగ్గా ఎదురుగా 1990లలో మరొక భాష్యం వచ్చింది. రిచర్డ్ రోర్‌బాగ్ 1993లోను, విలియం హెర్జోగ్ 1994లోను, పల్లెటూరి రైతు చెవితో ఈ కథ వినమన్నారు. విత్తనిచోట కోసే యజమాని రైతు కళ్లకు దోపిడీదారుడు, డబ్బును పాతిపెట్టిన మూడవ దాసుడు దోపిడీలో పాలుపొందని మంచివాడు అని వారి వాదన. లేవీయకాండం 25:36-37, కీర్తన 15:5 వడ్డీని నిషేధిస్తుండగా వడ్డీ తీసుకోమన్న యజమాని దేవునికి ఎలా ప్రతిరూపమవుతాడని వారు అడిగారు. దళిత వేదాంతాన్ని చదివిన మన విద్యార్థులకు ఈ భాష్యం వెంటనే నచ్చుతుంది. ఇది మంచి ప్రశ్నే. కాని మత్తయి ఆ కథను ఉంచిన సందర్భం, అనగా కన్యకల ఉపమానానికి తీర్పు దృశ్యానికి మధ్య, ఈ భాష్యాన్ని మోయలేదు. ఆ యజమాని మాటలే మత్తయికి న్యాయాధిపతి మాటలు.

నా దృష్టిలో ఈ ఉపమానాన్ని పెట్టుబడి చర్చలోకి ఇరుపక్షాలూ తేకపోవడమే మేలు. అది మెలకువను గురించిన ఉపమానం. ట్రస్టీలకు కావలసిన వాక్యం 2 కొరింథీ 8:20-21. యెరూషలేము పేదల కొరకు వసూలైన చందాను పౌలు ఒక్కడే మోయలేదు. సంఘాలు ఏర్పరచిన మనుష్యులను వెంట పెట్టుకున్నాడు. ఆ గొప్ప మొత్తం విషయంలో ఎవరూ తమపై నింద మోపకుండా, ప్రభువు ఎదుటనే కాక మనుష్యుల ఎదుట కూడా యోగ్యమైనదానిని గురించి ఆలోచించాడు. మనుష్యుల ఎదుట అన్న మాట ముఖ్యం. నాకు దేవునికి తెలుసు అన్నది పౌలుకు చాలలేదు.

జాన్ వెస్లీ కూడా ఇక్కడ అన్యాయానికి గురయ్యాడు. ధనాన్ని వాడుకోవడంపై ఆయన 1760లో ప్రచురించిన ప్రసంగంలోనుండి సంపాదించు, దాచు, ఇవ్వు అనే మూడు తలల ఆకృతిని మాత్రం మనం తీసుకున్నాము. సంపాదనకు ఆయన విధించిన హద్దులను, పొరుగువాని శరీరానికి, ఆస్తికి, ఆత్మకు హాని కలిగించే సంపాదన కూడదన్న దానిని, సారా అమ్మేవారిపైన తాకట్టు దుకాణాలపైన ఆయన వాడిన కఠినమైన మాటలను పల్పిట్టు మెట్ల దగ్గరే వదిలేశాము.

తీర్పు తరువాత

తరువాతి చరిత్రను క్లుప్తంగా చూస్తే హారీస్‌గారు కోర్టులో ఓడిపోయిన వాదన సంఘములో నెమ్మదిగా నెగ్గుతూ వచ్చింది. అందులో మనకు దగ్గరది నియమగిరి. ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల మధ్యనున్న ఆ కొండలు మన పార్వతీపురం సరిహద్దుకు ఎంతో దూరం కాదు. అక్కడ బాక్సైటు త్రవ్వకానికి వేదాంత కంపెనీ చేసిన ప్రయత్నాన్ని డోంగ్రియా కోందులు ఎదిరించారు. ఆ కంపెనీలో ఇంగ్లండు సంఘపు నిధులకు సుమారు 38 లక్షల పౌండ్ల వాటాలు ఉండేవి. కంపెనీవారితో మాట్లాడి చూసి, మానవహక్కుల విషయంలో తృప్తి కలగక, 2010 ఫిబ్రవరిలో ఆ వాటాలను అమ్మివేశారు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంపై పన్నెండు గ్రామసభలు జరిగాయి, పన్నెండూ త్రవ్వకాన్ని తిరస్కరించాయి. గ్రామసభలను నిలబెట్టింది లండనులో అమ్మిన వాటాలు కాదు, ఆ కొండ మనుష్యులే. అయినా ఒక్కటి ఆలోచించండి. ఆ అమ్మకానికి ముందు కెంటులోనో యార్కుషైరులోనో ఒక ముసలి పాదిరి పెన్షనులో ఎంతో కొంత నియమగిరి మట్టి కలిసి ఉంది. ఆయనకు ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. పెట్టుబడి అనే ఏర్పాటు పాపాన్ని తగ్గించదు, దూరం చేస్తుంది. అంతే.

2013 జూలైలో ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ అధిక వడ్డీ అప్పుల కంపెనీ వోంగాను, సహకార పరపతి సంఘాలకు ఊతమిచ్చి, వ్యాపారంలో లేకుండా చేస్తామన్నారు. మరునాడే కమిషనర్ల సొమ్ము ఒక మధ్యవర్తి నిధి ద్వారా ఆ కంపెనీలోనే ఉందని పత్రికలో వచ్చింది. మొత్తం చిన్నదే, లక్ష పౌండ్లు కూడా కాదు. మరుసటి సంవత్సరం దానినుండి బయటపడ్డారు. మధ్యవర్తి చేతిలో పెట్టిన సొమ్ముకు సంఘపు వడపోత ఎంతవరకు పనిచేస్తుందో ఇది చూపించింది.

2023 జనవరిలో వెలువడిన నివేదిక మరింత వెనుకకు వెళ్లింది. క్వీన్ ఆన్స్ బౌంటీ పద్దెనిమిదవ శతాబ్దంలో తన సొమ్మును బానిసల వ్యాపారం చేసిన సౌత్ సీ కంపెనీలో పెద్దఎత్తున పెట్టినట్లు కమిషనర్లే లెక్కల పుస్తకాలు తీయించి ప్రకటించారు. ఆ కంపెనీ ఓడలెక్కించిన ఆఫ్రికన్లు కనీసం 34,000 మంది. దానికి స్పందనగా 10 కోట్ల పౌండ్లు కేటాయిస్తామన్నారు. 2022 చివరికి వారి నిధి వెయ్యి కోట్ల పౌండ్లు దాటింది కాబట్టి ఇది అందులో నూటికి ఒక పాలు కూడా కాదు. ఇక్కడ మనకు సంబంధించిన లంకె ఒకటి ఉంది. ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతాలలో మన పితరులకు సువార్త తెచ్చిన ఎస్.పి.జి. మిషను 1710లో క్రిస్టఫర్ కోడ్రింగ్టన్ వీలునామా ద్వారా బార్బడోసులో చెరకు తోటలకు, వాటిలోని బానిసలకు యజమాని అయింది. తొలి యేండ్లలో ఆ బానిసల రొమ్ములపై సొసైటీ అన్న మాట కాల్చి ముద్ర వేసేవారు. విడుదల సమయంలో నాలుగు వందలకు పైగా మనుష్యులకు గాను 8,800 పౌండ్లకు పైగా నష్టపరిహారం మిషనుకు ముట్టింది, బానిసలకు కాదు. మన ప్రాంతానికి వారు వచ్చింది ఆ తరువాతనే. అందులోని రూపాయి ఇక్కడికి వచ్చిందని ఎవరూ చూపలేరు, రాలేదని కూడా చూపలేరు. నిధి అంటే అదే, అందులో ఏ నాణెం ఎక్కడిదో చెప్పలేము. ఆ మిషను వారసులు 2023లో కోడ్రింగ్టన్ ట్రస్టుతో కలిసి 70 లక్షల పౌండ్ల పరిహార పథకాన్ని ప్రకటించారు.

న్యాయరంగంలో 1991 తీర్పును తిరిగి చూసినది 2022 ఏప్రిల్‌లో వచ్చిన బట్లర్-స్లాస్ కేసు. పర్యావరణ పరిరక్షణ ఉద్దేశ్యాలున్న రెండు ట్రస్టులు పారిస్ వాతావరణ ఒప్పందానికి పొసగని కంపెనీలను వదిలివేస్తామని కోర్టు అనుమతి కోరాయి. జస్టిస్ మైకేల్ గ్రీన్ అనుమతించారు. సంస్థ ఉద్దేశ్యానికి విరుద్ధమైన పెట్టుబడుల విషయంలో ట్రస్టీలకు విచక్షణ ఉందని, ఆర్థిక నష్టాన్ని దానితో తూచి చూసి సహేతుకంగా నిర్ణయిస్తే చాలునని అన్నారు. ఇది హారీస్ తీర్పును కొట్టివేయలేదు, కొంత వెడల్పు చేసింది. అయితే ఇక్కడ కూడా నెగ్గినది ఇరుకైన ఉద్దేశ్యం గల సంస్థలేనని గమనించాలి. రెండవ చిక్కు తీరలేదు.

మన పరిస్థితి

మన దేశంలో ధర్మసంస్థలకు కంపెనీల వాటాల బెడద తక్కువ. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 11(5) సెక్షను కాలంనుండి పన్ను మినహాయింపు కోరే ట్రస్టు సొమ్మును బ్యాంకు డిపాజిట్లు, ప్రభుత్వ పత్రాలు, తపాలా పొదుపు, కొన్ని మ్యూచువల్ ఫండ్లు, స్థిరాస్తి వంటి నిర్ణీత మార్గాలలోనే ఉంచాలి. విదేశీ విరాళాలను స్పెక్యులేషనుకు వాడరాదని 2010 ఎఫ్.సి.ఆర్.ఎ. చట్టం చెబుతుంది, 2011 నిబంధనలు షేర్లను, షేర్లతో ముడిపడిన ఫండ్లను అందులోనే చేర్చాయి. కాబట్టి మన శోధన వేరు. ఒకటి నిద్ర. తల్లిదండ్రుల జ్ఞాపకార్థం యాభై యేండ్ల క్రిందట కాలేజీకో సెమినరీకో ఐదువేలిచ్చి బహుమానం పెట్టినవారు ఉన్నారు. ఏడు శాతం వడ్డీ మీద అది ఏడాదికి మూడువందల యాభై రూపాయలు. గ్రీకులో ప్రథముడైన విద్యార్థికి ఆ సొమ్ముతో గ్రీకు కొత్త నిబంధన రాదు, దాని అట్ట వస్తే గొప్ప. మూలధనాన్ని ఎవరూ దొంగిలించలేదు. ధరలు తినివేశాయి. రెండవది రెండు శాతం ఎక్కువ వడ్డీకి ఆశపడడం. 2001లో హైదరాబాదులో కృషి సహకార అర్బన్ బ్యాంకు కూలినప్పుడు డిపాజిటు బీమా లక్ష రూపాయల వరకే. 2020లో అది ఐదు లక్షలైంది. సంఘపు నిధి అంతకు మించినదైతే మిగతాది దేవుని మీద భారం.

కాని మన అసలైన నిధి భూమి. మిషనరీలు విడిచిన కాంపౌండ్లు నేడు పట్టణాల నడిబొడ్డున ఉన్నాయి. నికోల్స్‌గారి విభజన మనకు తగిలేది సరిగ్గా ఇక్కడే. బోర్డింగు హోము ఉన్నంతకాలం ఆ స్థలం పరిచర్య ఆస్తి. హోము మూసి దుకాణాల సముదాయం కట్టిన రోజున అది పెట్టుబడి ఆస్తి అవుతుంది. ఆ క్షణంనుండి ఎక్కువ అద్దె ఎవరు ఇస్తారన్నదే ప్రశ్న. ఆ గీత దాటించే తీర్మానం సాధారణంగా అజెండాలో చివరి అంశంగా, భోజనాల వేళకు వస్తుంది. దానిని వేదాంత నిర్ణయంగా ఏ కౌన్సిలులోనూ చర్చించడం నేను చూడలేదు. ఆ హోములో ఏ పిల్లలు ఉండేవారో, వారి స్థానంలో ఇప్పుడు ఆ అద్దె ఎవరికి అందుతుందో మినిట్సు పుస్తకంలో ఒక్క వాక్యం ఉండదు.

1991 తీర్పులో అందరూ దాటిపోయే ఒక అంశం మనకు ఉపయోగపడుతుంది. ట్రస్టు పత్రంలో పెట్టుబడిని గురించి ఏమి వ్రాసి ఉందో ట్రస్టీలు దానికి కట్టుబడాలి, సామాన్య నియమం ఆ తరువాతనే. హారీస్‌గారి చేతులు కట్టివేసినది పాత పత్రాల మౌనం. కొత్తగా జ్ఞాపకార్థ నిధి పెట్టే కుటుంబం పాస్టరుగారి సలహాకు వస్తే ఆ పత్రం వ్రాసే ముందే మాట్లాడాలి. ఏ వ్యాపారాలలో, ఏ అద్దెదారుల చేతిలో ఈ సొమ్ము ఉండకూడదో, ధరలు పెరిగిన కొద్దీ వడ్డీలో ఎంత భాగం అసలులో కలపాలో, ఆదాయంలో 85 శాతం ఏటా వినియోగించాలన్న పన్ను నియమానికి అది ఎలా పొసగుతుందో, లెక్కలు ఏటా ఏ సంఘము ఎదుట గట్టిగా చదవాలో, ట్రస్టీలలో సహాయం పొందే వర్గంనుండి ఒకరు తప్పక ఉండాలన్న నిబంధన వేయాలో లేదో, ఇవన్నీ అందులో చేర్చవచ్చు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ముందు డాక్యుమెంటు రైటరు దగ్గర ఉండే నమూనాలో ఇవి ఉండవు. అడిగితే వ్రాస్తాడు, ఒక పేజీ ఎక్కువవుతుంది.